ఖాళీ సైకిలు కొలత

ఆ చలికాలం మా ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదు. కారకుణ్ణి నేనే. రోజుకు ఎనిమిది గంటలు లేత్ మిషన్ ముందు నిలబడి ఇనుప షాఫ్టులు చెక్కే నలభై ఏడేళ్ల మనిషికి, మారథాన్‌ను మూడు గంటల లోపు పరిగెత్తాలన్న పిచ్చి పట్టింది. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లు, ఆపైన ఇంకో నూట తొంభై అయిదు మీటర్లు. అంతకుముందు ఏడాది మూడు గంటలా ఒక నిమిషం యాభై రెండు సెకన్లకు పూర్తి చేశాను. నాకన్నా ముందు కొన్ని వందల మంది వచ్చారు, దానికి నాకేం బాధ లేదు. ఎక్కువైన ఆ నూట పన్నెండు సెకన్లే ఏడాది పొడుగునా గొంతులో ముల్లులా గుచ్చుకుంటూ వచ్చాయి.

"ఇంకొక్క సీజన్," అంది మా ఆవిడ, నేను పదహారు వారాల పట్టిక గోడకు అతికిస్తుంటే. "అయినా సరే, కాకపోయినా సరే. ఆ తర్వాత ఈ ఇంట్లో మనుషులు మనుషుల్లా పడుకోవాలి."

"సరే" అన్నాను. అప్పటికి నాకు వినపడింది "ఇంకొక్క సీజన్" అన్నంతవరకే.

పట్టికలో పరుగు నాది, సైకిలు ఆవిడది. వారంలో నాలుగు తెల్లవారుజాములు ఆవిడ సైకిలు మీద నా పక్కనే వచ్చేది. హ్యాండిలుకు రెండు నీళ్ల సీసాలు, మెడలో స్టాప్‌వాచీ. వాచీ నా చేతికి ఇవ్వకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. నా దగ్గరుంటే అడుగుకోసారి చూసుకుని, చూసుకున్నప్పుడల్లా వేగం పెంచి, ఇరవై కిలోమీటర్లకే చతికిలబడతానని రెండేళ్ల కిందటే కనిపెట్టింది. అందుకని చుట్టు పూర్తయినప్పుడల్లా ఆవిడే కేకేసి చెప్పేది. ఆరున్నరకి ఇల్లు చేరి, వంట ముగించి, ఎనిమిదింటికల్లా లాండ్రీలో ఉండేది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. తడి దుప్పటి అంచు పట్టుకుని వేడి రోలరు నోటికి అందించడం ఆవిడ పని, సాయంత్రం నాలుగు దాకా నిలబడే.

ఇదివరకు పెద్ద రోడ్డు మీద పరిగెత్తేవాళ్లం. అక్కడ కిలోమీటరు రాళ్లుండేవి, కొలత గురించి దిగులు లేదు. ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తున్నామని రాళ్లన్నీ పీకేశారు, లారీలు ఒంటి మీదకి వస్తున్నాయి. దాంతో నీళ్ల ట్యాంకుల ఆవరణ చుట్టూ ఉన్న రోడ్డుకు మారాం. గేటు దగ్గర మొదలుపెట్టి, ప్రహరీ వెంట వెళ్లి, చెరువు కట్ట మీదుగా తిరిగి వస్తే, అటూ ఇటూగా అయిదు కిలోమీటర్ల చుట్టు వస్తుందని అంచనా. అంచనాతో సరిపెట్టుకునే మనిషిని కాదు నేను. వర్క్‌షాప్‌లో నన్ను మైక్రాన్ అని పిలుస్తారు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాన్. నా చేతి షాఫ్టు ఒక్కటి కూడా ఇన్నేళ్లలో వెనక్కి రాలేదు.

కాబట్టి ఒక శనివారం మా ఆవిడ సైకిలును వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. టైరు మీద సుద్దతో గీత గీసి, నున్నటి నేల మీద సైకిలును పది చుట్లు దొర్లించి, ఉక్కు టేపుతో కొలిచి, పదో వంతు తీశాను. చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల నూట తొంభై ఆరు మిల్లీమీటర్లు.

ఫోర్‌మన్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. "ఏం మైక్రాన్, సైకిలుకు చొక్కా కుట్టిస్తున్నావా?"

"నవ్వండి సార్. ఈ కొలతలో వెంట్రుక వాసి తేడా ఉంటే నా పేరు మార్చెయ్యండి."

మర్నాడు చక్రం పుల్లకు రేకుముక్క కట్టాను. చక్రం తిరిగినప్పుడల్లా అది ఫోర్కుకు తగిలి టక్కుమంటుంది. మా ఆవిడ తొక్కుతూ టక్కులు లెక్కపెట్టాలి, నేను పక్కన పరిగెడుతూ వందలు రాసుకోవాలి. ఆ రోజు పరుగు మాత్రం వృథా ఎందుకు పోవాలి? అయిదు కిలోమీటర్లకు రెండు వేల రెండు వందల డెబ్భై ఏడు టక్కులు. పధ్నాలుగు వందల దగ్గర ఒక కుక్క మొరుగుతూ వెంటపడింది, ఆవిడ కెవ్వుమంది, లెక్క తప్పింది.

"పదమూడు వందల తొంభయ్యో, పధ్నాలుగు వందల పదో," అంది ఆయాసపడుతూ. "ఓ పదికి ఏమవుతుంది?"

"ఇరవై రెండు మీటర్లవుతుంది. మళ్లీ మొదట్నుంచి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. సైకిలు వెనక్కి తిప్పింది. రెండోసారి లెక్క కుదిరింది. ఆఖరి టక్కు పడ్డచోట తెల్లరంగుతో అడ్డగీత గీశాను. గేటుకు కాస్త ఇవతల, ఒక దీపస్తంభం పక్కన. ఆ గీతను చూసుకుంటే నాకు మా అమ్మాయి పుట్టినప్పుడున్నంత గర్వంగా ఉండింది.

మూడు గంటల లోపు రావాలంటే అయిదు కిలోమీటర్ల చుట్టు ఇరవై ఒక్క నిమిషాల ఇరవై సెకన్లలో ముగియాలి, అలాంటివి ఎనిమిది, ఆపైన మిగిలిన కాస్త. పదో వారానికల్లా నేను ఇరవై ఒకటి పదికి వస్తున్నాను. వరసగా అయిదు చుట్లు. మా ఆవిడ గీత దాటి బ్రేకు వేసి "ఇరవై ఒకటి తొమ్మిది!" అని కేకేస్తే పొద్దున నడకకొచ్చిన ముసలాయన ఒకడు చప్పట్లు కొట్టాడు. ఆ ఆదివారం ఇంటికి వచ్చి, పరీక్షలకు చదువుకుంటున్న మా అమ్మాయి పుస్తకం మూసేసి మరీ చెప్పాను.

"అయిపోయినట్టే అమ్మలూ. మీ నాన్న ఇక మూడు గంటల లోపు మనిషి."

"మంచిది నాన్నా," అంది అది. "అమ్మని కాస్త చూడు. బస్సులో నిలబడే నిద్రపోతోంది. నిన్న మన స్టాపు దాటి రెండు స్టాపులు వెళ్లిపోయింది."

"ఇంకో ఆరు వారాలేగా," అన్నాను.

పదకొండో వారం నుంచి ఏమయిందో ఏమో, కాళ్లు అవే, రోడ్డు అదే, గీత అదే. బుధవారం మొదటి చుట్టుకి మా ఆవిడ "ఇరవై ఒకటి ఇరవై ఆరు" అంది. రెండోది ఇరవై ఎనిమిది. మూడోది అడగడానికి నాకే నోరు రాలేదు. జలుబు చేస్తోందేమో అనుకున్నాను. ఆదివారం కూడా అంతే. నా ఒంటికేమో పది సెకన్లు ముందున్నట్టే ఉంది, వాచీ మాత్రం పదిహేను వెనక్కి లాగుతోంది. నలభై ఏడేళ్లు ఒకేసారి వచ్చి భుజం మీద కూర్చున్నట్టయింది.

ఏవేవో మార్చాను. బూట్లు మార్చాను. రాత్రి భోజనం సగం చేశాను. పట్టికలో విశ్రాంతి అని రాసుకున్న రోజు కూడా పరిగెత్తాను. వర్క్‌షాప్‌లో ఒకరోజు మిషన్ తిరుగుతుండగా కళ్లు మూతలు పడ్డాయి. ఫోర్‌మన్ స్విచ్చి ఆపి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఇదిగో, పరుగులో మూడు గంటలు రాకపోతే మళ్లీ ఏడు ఉంటుంది. వేళ్లు పోతే ఏ ఏడూ రావు," అన్నాడు.

"మళ్లీ ఏడు లేదు సార్. మా ఆవిడకి మాటిచ్చాను."

"మరి ఆవిడకి తెలుసా, నువ్విలా కూలబడిపోతున్నావని?"

తెలియకేం. ఇంట్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఎవరి కంచంలోకి వాళ్లం చూసుకుంటూ, నాలుగు మాటలకి మించి మాట్లాడుకునే ఓపిక లేక లేచిపోయేవాళ్లం. ఇంట్లో మేం పాప అని పిలిచే మా అమ్మాయి ఒకసారి మా ఇద్దరి మధ్యా టేబుల్ మీద తలపెట్టి పడుకున్నట్టు నటించింది. మాకు నవ్వు కూడా రాలేదు.

పదమూడో వారంలో ఒక పొద్దున సన్నటి వాన. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. నాలుగు చుట్లు ప్రాణం పెట్టి పరిగెత్తాను. నాలుగో చుట్టు గీత దాటాక వంగి మోకాళ్లు పట్టుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం ఇరవై ఒకటి లోపు ఉండకపోతే నా పేరు కాదు అనిపించింది.

"ఎంత?"

"ఇరవై ఒకటి పంతొమ్మిది."

నాలో ఏదో తెగింది. "అబద్ధం! నేను దాటాక తీరిగ్గా నొక్కుతున్నావు. సైకిలు మీద నిద్రపోతున్నావా? ఒక్క బటన్! ఆ ఒక్క బటన్ సరిగ్గా నొక్కడం చేతకాదా నీకు?"

నడకకొచ్చినవాళ్లు ఆగి చూశారు. చప్పట్లు కొట్టిన ముసలాయన తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. మా ఆవిడ జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. మెడలోంచి వాచీ తీసింది, ఒకసారి నొక్కి సున్నా చేసింది, నా ముందు చాపింది.

"అయితే మీరే పెట్టుకోండి."

తీసుకోలేదు. తీసుకుంటే తప్పు నా కాళ్లదేనని తేలిపోతుందని భయం. ఆవిడ వాచీ మళ్లీ మెడలో వేసుకుంది. "ఇంకో చుట్టుంది. కండరాలు చల్లబడతాయి, పదండి," అంది. ఆ ఆఖరి చుట్టు నేనెంత వేగంగా పరిగెత్తినా ఆవిడ చక్రం నా పక్కనుంచి కదల్లేదు.

పధ్నాలుగో వారంలో ఆవిడ లాండ్రీ నుంచి ఎడమ ముంజేతికి కట్టుతో వచ్చింది. మధ్యాహ్నం వేళ కునుకు పట్టిందట. దుప్పటితో పాటు చెయ్యి కూడా రోలరు అంచుకు తగిలింది. పక్కావిడ లాగేసింది కాబట్టి బొబ్బలతో పోయింది. పాప మందు రాస్తోంది, నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ నాకు గుర్తే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పకపోతే ఈ కథ చెప్పడమే దండగ.

"రేపు బ్రేకు పట్టుకోగలవా?" అన్నాను.

పాప మందు రాయడం ఆపేసింది. మా ఆవిడ మాత్రం చెయ్యి కదిలించి, వేళ్లు ముడిచి, విప్పి చూసుకుంది. "కుడి చేత్తో పట్టుకుంటాలే," అంది.

మర్నాడు కూడా వచ్చింది. ఆ వారమే ఇరవై ఒకటి పదహారు విన్నాను, పదిహేనో వారంలో ఇరవై ఒకటి పది. ఆ అంకె విన్నాక నాకు సంతోషం కూడా కలగలేదు. ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే, అయిదు వారాలు ఒళ్లు హూనం చేసుకుని తిరిగి వచ్చినట్టయింది. మా ఆవిడ మాత్రం సైకిలు దిగి, దీపస్తంభానికి ఆనుకుని, "హమ్మయ్య" అంది. అలసటకి అందనుకున్నాను.

పోటీ రోజు గాలి లేదు. దారిలో అయిదేసి కిలోమీటర్లకు ఒక పెద్ద గడియారం పెట్టారు. అయిదు దగ్గర ఇరవై ఒకటి పది. పది దగ్గర నలభై రెండు పద్దెనిమిది. అంతా శిక్షణలోలాగే, ఇంకా చెప్పాలంటే కాస్త తేలిగ్గానే సాగింది. చుట్టూ వందల మంది ఉన్నా, పక్కన టక్కుమనే రేకు చప్పుడు లేకపోవడం వెలితిగా ఉండింది. ముప్పై దాటాక తేలిక పోయింది. ముప్పై అయిదు దగ్గర రెండు గంటల ఇరవై ఎనిమిది నలభై. అప్పటికి తొడలు కొయ్యబారాయి, కళ్ల ముందు రోడ్డు ఒక అడుగు వెడల్పుకు కుదించుకుపోయింది. నలభై దగ్గర రెండు యాభై ఇరవై అయిదు. నిరుడు ఇదే గడియారం దగ్గరే నాకు అయిపోయిందని అర్థమైంది. ఈసారి ఇంకా బతికే ఉన్నాను. ఆ తర్వాత తొమ్మిది నిమిషాలు ఏం జరిగిందో నాకు తెలీదు. గీత దాటి తలెత్తితే రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాల నలభై ఏడు.

పదమూడు సెకన్లు మిగిలాయి.

మా వాళ్ల కోసం వెతికాను. మెట్ల వరసలో పాప లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. దాని పక్కన మా ఆవిడ సంచీని ఒళ్లో పెట్టుకుని, తల గోడకు వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. మైకులు, డప్పులు, వేలమంది అరుపులు, చీమ కుట్టినట్టయినా లేదు.

"లేపనా నాన్నా? ముప్పై అయిదు దాకా మేలుకునే ఉంది. ఫోన్‌లో నీ టైము చూసి, ఇక ఫర్లేదులే అని కళ్లు మూసుకుంది."

"వద్దులే," అన్నాను. మనసు చివుక్కుమంది. పదహారు వారాలు ప్రతి చుట్టూ చూసిన మనిషి, చూడాల్సిన ఒక్కటీ చూడలేదు. ఆ మాట పైకి అనలేదు కానీ మొహంలో కనపడే ఉంటుంది, పాప చూపు తిప్పుకుంది.

పోటీ తర్వాత రెండు వారాలు పరుగు బంద్. కాళ్లు ఊరుకోక, రెండో ఆదివారం సాయంత్రం ట్యాంకుల రోడ్డుకు నడక కోసం వెళ్లాను. ఆ రోడ్డు మీద నేను నడవడం అదే మొదటిసారి. పరిగెత్తేటప్పుడు పది అడుగుల ముందున్న నేల తప్ప నాకేదీ కనపడదు. నడుస్తుంటే గడ్డి కనపడింది, పగుళ్లు కనపడ్డాయి, రోడ్డు అంచు రాళ్ల మీద పసుపు రంగు గుర్తులు కనపడ్డాయి. ఆ పసుపు చుక్కల్ని పరుగులో గమనించాను కానీ పనివాళ్ల గోల మనకెందుకని వదిలేశాను. ఇప్పుడు చదివాను. కొత్త గొట్టాలు వేయడానికి నీళ్ల శాఖవాళ్లు టేపుతో కొలిచి, గేటు దగ్గర్నుంచి వంద మీటర్లకో అంకె వేసుకుంటూ వెళ్లారు. అంకెల కింద తేదీ కూడా ఉంది. అది నా పదకొండో వారం.

నాలుగు వేల ఎనిమిది వందలు. నాలుగు వేల తొమ్మిది వందలు. ఆ తర్వాత నా తెల్లగీత. అయిదు వేలు వేసిన రాయి నా గీత దాటి ఇంకా ముందుంది. అడుగులు వేసి చూశాను. అరవై మీటర్లు.

నా గీత తప్పు కావడానికి వీల్లేదు. వాళ్ల టేపే సాగి ఉంటుంది. దీపస్తంభం కింద కూర్చుని ఆలోచించాను. చక్రం కొలిచాను, పది చుట్లు కొలిచాను, నున్నటి నేల మీద కొలిచాను. సైకిలును చేత్తో దొర్లించి కొలిచాను. ఖాళీ సైకిలును. ఆపైన దాని మీద మా ఆవిడ ఎక్కి కూర్చుంది. మనిషి కూర్చుంటే టైరు అణుగుతుంది, ఓ నాలుగు మిల్లీమీటర్లు. చక్రం ఆ మేరకు చిన్నదవుతుంది. చిన్న చక్రం రెండు వేల రెండు వందల డెబ్భై ఏడు సార్లు తిరిగితే అరవై మీటర్లు మింగేస్తుంది. మైక్రాన్ అన్న పేరున్నవాడికి నాలుగు వేల మైక్రాన్లు కనపడలేదు. ఆవిడ సైకిలు మీద ఉంటుందన్న సంగతే నాకు తట్టలేదు.

అరవై మీటర్లకు నా వేగంలో పదిహేను సెకన్లు. పదో వారంలో నేను విన్న ఇరవై ఒకటి పది నిజానికి ఇరవై ఒకటి ఇరవై అయిదు. ఆ లెక్కన పోటీకి వెళ్లుంటే మళ్లీ మూడు గంటల ముప్పావు నిమిషమో, నిమిషమో. పదకొండో వారంలో నా కాళ్లకేమీ కాలేదు. ఎవరో వాచీ అంకెకు పదిహేను సెకన్లు కలిపి చెప్పారు. సున్నా చేసి నా ముందు చాపిన వాచీ గుర్తొచ్చింది. వానలో నేను అరిచిన అరుపులూ గుర్తొచ్చాయి.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ముంజేతి మీద కాలిన మచ్చ కొత్తచర్మంతో గులాబీ రంగులో మెరుస్తోంది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"చక్రం కొలిచినప్పుడు నువ్వు సైకిలు మీద లేవు," అన్నాను.

"లేను." చొక్కా చేతులు లోపలికి మడిచింది. "చూశారన్నమాట పసుపు గుర్తులు."

"నీకెలా తెలిసింది?"

"పదకొండో వారం సీసాలో నీళ్లు నింపుకుందామని గేటు దగ్గర ఆగాను. కొలిచేవాళ్లు అక్కడే టీ తాగుతున్నారు. ఈ తెల్లగీత ఎవరు గీశారమ్మా అని అడిగారు. మా అయిదు కిలోమీటర్ల గీత అంటే, అరవై మీటర్లు తక్కువుందే అన్నారు. ఎంతసేపవుతుందో పాప లెక్కకట్టి చెప్పింది."

"అంటే ఇద్దరికీ తెలుసు."

"ఇద్దరికీ తెలుసు."

"నిన్ను అందరి ముందూ అన్ని మాటలన్నాను. అప్పుడైనా చెప్పొచ్చుగా. నాకు చెబితే..."

ఆవిడ చేతిలో చొక్కా పక్కన పెట్టింది. కోపంగా కూడా చూడలేదు. కోపానికి కావలసిన సత్తువ కూడా ఆ కళ్లలో లేదు.

"చెబితే నమ్మేవారా? వాళ్ల టేపు సాగిందనేవారు. మళ్లీ కొలుద్దాం పద అనేవారు. మళ్లీ ఆ రెండు వేల రెండొందల డెబ్భై ఏడు నేనే తొక్కాలి, నేనే లెక్కపెట్టాలి. ఏ కుక్కో వస్తే మళ్లీ మొదట్నుంచి." చొక్కా మళ్లీ అందుకుంది. "నాకు ఓపిక లేదండీ. పదిహేను కలిపి చెప్పడమే తేలికనిపించింది."

టేపు సాగిందని దీపస్తంభం కింద నేననుకున్న మాటే ఆవిడ నోట వచ్చింది, నేను చేతకాదన్న బటన్‌ను ఆవిడ అయిదు వారాలు నాకోసం నొక్కింది. ఆవిడ మడతపెట్టిన బట్టల దొంతర ఎత్తి నా ఒళ్లో పెట్టింది.

"బీరువాలో పెట్టండి. సీజన్ అయిపోయింది. రేపట్నుంచి నేను లేవను. మీరు వెళ్తే వెళ్లండి."

"సరే," అన్నాను. ఈసారి మొత్తం వినపడింది.

మర్నాడు అలవాటు కొద్దీ నాలుగూ ముప్పావుకే మెలకువ వచ్చింది. కాళ్లు పరుగు కోసం జివ్వుమంటున్నాయి. మా మంచం పాతది, కాస్త కదిలితే కిర్రుమంటుంది, కిర్రుమంటే ఆవిడ లేచి కూర్చుని నీళ్ల సీసాల కోసం తడుముకుంటుంది. పదహారు వారాలు అలాగే లేచింది. అందుకని పిక్క పట్టేసినా కాలు చాపలేదు. వీపు దురద పెట్టినా గోక్కోలేదు. కిటికీ తెల్లబడింది, పక్కగదిలో పాప లేచి మునివేళ్ల మీద నడిచింది. మారథాన్ ఆఖరి అయిదు కిలోమీటర్లు కూడా నన్ను అంత ఏడిపించలేదు. రెండుంబావు గంటలు ఊపిరి బిగబట్టి, కట్టెలా పడుకున్నాను.

ఏడింటికి ఆవిడ తనంతట తానే లేచింది.